ఆర్‌వీ లోపల వైఫై అందడం లేదా? ముందు బయట నిలబడి కొలవండి

ప్రశ్న: మేము ముగ్గురం. నేను, మావారు, ఎనిమిదో తరగతి చదివే మా పాప. ఆరు నెలలుగా ఆర్‌వీలోనే, అంటే ఇల్లులా అమర్చిన బండిలోనే ఉంటూ, ఇలాంటి బండ్లు నిలుపుకునే ఒక క్యాంప్‌గ్రౌండ్ నుంచి ఇంకో క్యాంప్‌గ్రౌండ్‌కి తిరుగుతున్నాం. మాది అల్యూమినియం బాడీ ఉన్న ట్రైలర్. నా ఉద్యోగమంతా వీడియో మీటింగుల మీదే నడుస్తుంది. పాపకి ఆన్‌లైన్ క్లాసులు. ఎక్కడికి వెళ్లినా ఒకటే గొడవ. బయట కుర్చీ వేసుకుని కూర్చుంటే ఫోన్‌లో మూడు గీతలు వస్తాయి, తలుపు తీసి లోపల అడుగుపెడితే ఒక్కటే. సాయంత్రమైతే అదీ ఉండదు. ప్లగ్‌లో పెట్టే వైఫై ఎక్స్‌టెండర్ ఒకటి కొని వంటగట్టు దగ్గర పెట్టాను. గీతలు నిండుగా వచ్చాయి కానీ మీటింగ్ మాత్రం ఎప్పటిలాగే ఆగిపోతోంది. ఇప్పుడు మావారు "పది కిలోమీటర్ల రేంజ్" అని రాసి ఉన్న బూస్టర్ ఒకటి కొందామంటున్నారు. కొనమంటారా? వచ్చే నెల నుంచి నాకు రోజూ మీటింగులు. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ఆ బూస్టర్ ఇప్పుడే కొనకండి. మీరు కొనాల్సిన వస్తువు ఒకటి ఉండొచ్చు, కానీ అది వేరేది. అది కూడా ఒక్కరోజు పరీక్ష చేసి చూశాకే.

మీ ఉత్తరంలో రెండు వేరువేరు ఫిర్యాదులు ఉన్నాయి. బయట మూడు గీతలు, లోపల ఒకటి అన్నారు. అది గోడ వల్ల వచ్చే సమస్య. సాయంత్రమైతే ఏదీ ఉండదు అన్నారు. అది రద్దీ వల్ల కావచ్చు. మనకి రెండూ "వైఫై రావట్లేదు" అనే ఒకే మాటగా అనిపిస్తాయి గానీ, ఒకదానికి వేసే మందు రెండోదానికి పనిచెయ్యదు. ఆర్‌వీల్లో తిరిగేవాళ్లు అనవసరంగా డబ్బు పోసేది ఇక్కడే.

మీ ల్యాప్‌టాప్ నుంచి బయలుదేరిన సమాచారం రెండు అంచెలుగా వెళ్తుంది. మీ ట్రైలర్ నుంచి, క్యాంప్‌గ్రౌండ్‌లో స్తంభం మీదో ఆఫీసు గోడకో బిగించిన వైఫై పెట్టె దాకా మొదటి అంచె. ఆ పెట్టె నుంచి, క్యాంప్‌గ్రౌండ్ వాళ్లు తీసుకున్న కనెక్షన్ మీదుగా బయటి ఇంటర్నెట్‌కి రెండో అంచె. ఫోన్‌లో గీతలు మొదటి అంచె గురించే చెబుతాయి. రెండో అంచెలో ఎంత ఇరుకుగా ఉందో వాటికి తెలియదు.

మీ ఎక్స్‌టెండర్ విషయంలో జరిగింది కూడా ఇలాంటిదే. అది పెట్టాక గీతలు నిండాయంటే, మీ ఫోన్‌కి పక్కనే ఉన్న ఎక్స్‌టెండర్ బాగా వినిపిస్తోందని అర్థం. ఆ ఎక్స్‌టెండర్‌కి దూరంగా ఉన్న స్తంభం వినిపిస్తోందా లేదా అన్నది ఆ గీతల్లో కనిపించదు. వంటగట్టు దగ్గర ఒక్క గీత సిగ్నల్ ఉంటే, అది అందుకునేదీ ఆ ఒక్క గీతే. పైగా ఒకే రేడియోతో వినడం, మళ్లీ చెప్పడం రెండూ చేసే రకమైతే ఉన్న వేగం సగానికి పడిపోతుంది. దాన్ని పారేయకండి, దానితో ఒక పని ఉంది. చివర్లో చెబుతాను.

ముందు పరీక్ష. ఆఫీసుకి వెళ్లి వైఫై పెట్టెలు ఎక్కడెక్కడ ఉన్నాయో, మీ సైటుకి, అంటే మీ ట్రైలర్ నిలిపిన చోటుకి, దగ్గరలో ఉన్నది ఏదో అడగండి. అడిగితే దాదాపు అందరూ చెబుతారు. తర్వాత మూడు చోట్ల నిలబడి కొలవాలి. ఆ పెట్టెకి పది అడుగుల దూరంలో ఒకసారి, మీ ట్రైలర్ తలుపు బయట ఒకసారి, మీరు మీటింగ్‌కి కూర్చునే చోట ఒకసారి. ఈ మూడూ ఉదయం ఆరింటికి ఒక విడత, రాత్రి ఎనిమిదింటికి ఒక విడత. అదే ఫోన్ వాడండి, మొబైల్ డేటా ఆపేయండి, ఎక్స్‌టెండర్ ప్లగ్ తీసేయండి. ఒక్కోచోట సిగ్నల్ బలం, స్పీడ్ టెస్ట్ రెండూ కాగితం మీద రాసుకోండి.

సిగ్నల్ బలం అంటే గీతలు కాదు, డీబీఎం అనే సంఖ్య. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ ఏదైనా దాన్ని చూపిస్తుంది. ఐఫోన్‌లో అయితే యాపిల్ వాళ్ల ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్ వేసుకుని, సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ యాప్ కింద వైఫై స్కానర్ ఆన్ చెయ్యాలి. మ్యాక్‌లో ఆప్షన్ మీట నొక్కిపట్టి పైన ఉన్న వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే ఆర్‌ఎస్‌ఎస్‌ఐ అని కనిపించేది ఈ సంఖ్యే. ఇది మైనస్‌లో ఉంటుంది, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ మంచిది. మైనస్ 50 అంటే పెట్టె పక్కనే నిలబడినట్టు. వీడియో మీటింగ్ నిలకడగా సాగాలంటే మైనస్ 67 కంటే దిగకూడదని నెట్‌వర్క్ పని చేసేవాళ్లు లెక్క పెట్టుకుంటారు. మైనస్ 75 దగ్గర పేజీలు తెరుచుకుంటాయి గానీ కాల్స్ తెగుతుంటాయి. మైనస్ 85 కి వచ్చేసరికి కనెక్ట్ అయినట్టు కనిపిస్తుందే తప్ప పని జరగదు.

ఇంకో చిన్న లెక్క తెలిస్తే మీ కాగితం మీరే చదువుకోగలరు. ఈ సంఖ్యలో ప్రతి 3 కీ బలం రెట్టింపు అవుతుంది. లోపల మైనస్ 84, తలుపు బయట మైనస్ 66 వచ్చిందనుకోండి. తేడా 18. అంటే ఆరుసార్లు రెట్టింపు, మొత్తం 64 రెట్లు. రెండు అడుగుల దూరంలో ఇంత తేడా వస్తే దోషం స్తంభానిది కాదు, మీ గోడది. ఆ 18 ని ఏ బూస్టరూ లేకుండానే వెనక్కి తెచ్చుకోవచ్చు. వినే పరికరాన్ని గోడ బయట పెడితే చాలు.

రాత్రి ఎనిమిదింటికి పెట్టెకి పది అడుగుల దూరంలో, మైనస్ 50 సిగ్నల్‌తో నిలబడి కూడా స్పీడ్ అడుగంటితే, అది మీరు బాగు చెయ్యగలిగేది కాదు. రెండో అంచె నిండిపోయింది. ఉదాహరణకి క్యాంప్‌గ్రౌండ్ మొత్తానికి 100 ఎంబీపీఎస్ (నెట్ వేగాన్ని కొలిచే లెక్క) కనెక్షన్ ఉందనుకుందాం. హెచ్‌డీ సినిమా ఒకటి నడవడానికి 5 దాకా కావాలి. భోజనాలయ్యాక ఇరవై కుటుంబాలు సినిమా పెట్టుకుంటే చాలు, మిగతావాళ్లకి మిగిలేది ఏమీ ఉండదు. ఒక చోట నేను రెండు సాయంత్రాలు యాంటెన్నా అటూ ఇటూ తిప్పుతూ గడిపాను. మూడో రోజు స్తంభం కిందకి వెళ్లి చూస్తే అక్కడా అదే నత్తనడక. ముందే అక్కడికి నడిచి ఉంటే ఆ రెండు సాయంత్రాలూ మిగిలేవి. అందుకే ఈ పరీక్ష గురించి ఇంత పట్టుబడుతున్నాను.

మీ ఉత్తరాన్ని బట్టి మీకు రెండు సమస్యలూ ఉండే అవకాశం ఎక్కువ. ముందు గోడ సంగతి చూద్దాం.

మైక్రోవేవ్ ఓవెన్ తలుపుకి సన్నటి రంధ్రాల లోహపు జల్లెడ ఉంటుంది కదా. ఓవెన్‌లో తరంగాలు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి, మన పాత వైఫై బ్యాండు 2.4 గిగాహెర్ట్జ్. అంటే రెండూ దాదాపు ఒకటే. ఆ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. మిల్లీమీటర్లలో ఉండే రంధ్రంలోంచి అది దూరలేదు, అందుకే వేడి లోపలే ఉంటుంది, మనం బయట క్షేమంగా ఉంటాం. మీ అల్యూమినియం ట్రైలర్ చేసేదీ అదే పని, తిరగేసి. ఓవెన్ తరంగాల్ని బయటికి పోనివ్వదు, మీ ట్రైలర్ లోపలికి రానివ్వదు. వచ్చే కొంచెమైనా కిటికీ అద్దాల్లోంచి వస్తుంది. ఆ కిటికీకి అల్యూమినియం దోమల జాలీ ఉన్నా, ఎండ పడకుండా వెండి రేకు షీటు అడ్డం పెట్టినా, లోహపు పూత ఉన్న సన్‌ఫిల్మ్ అంటించినా ఆ దారి కూడా మూసుకుపోయినట్టే. ఎండాకాలంలో కిటికీలన్నిటికీ ఆ మెరిసే షీట్లు పెట్టుకుని వైఫై పోయిందని బాధపడేవాళ్లు చాలామంది. స్తంభం వైపు ఉన్న కిటికీకి ఒక్కదానికి తీసేసి చూడండి. ఫైబర్‌గ్లాస్ బాడీ ఉన్న ఆర్‌వీలు ఈ విషయంలో చాలా నయం. కాకపోతే వాటిలో కూడా గోడ లోపల రేకు పొర ఉన్న ఇన్సులేషన్ వాడి ఉంటే ఇదే కథ.

గోడ తర్వాత చెట్లు. ఆకుల్లో నీరు ఉంటుంది, నీరు ఈ తరంగాల్ని మింగేస్తుంది. వాన పడ్డాక ఇంకా ఎక్కువ. చలికాలంలో ఆకులు రాలి ఉన్నప్పుడు బాగా పనిచేసిన సైటే, చెట్లు గుబురుగా ఉన్నప్పుడు వెళ్తే ఏమీ అందకపోవచ్చు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండు వేగంగా ఉంటుంది గానీ చెట్ల దగ్గర, దూరం దగ్గర తొందరగా నీరసపడిపోతుంది. ఇంకా పక్క సైటులోకి వచ్చి ఆగే పెద్ద ఆర్‌వీ. దాని ఎత్తు మూడు, నాలుగు మీటర్లు ఉంటుంది. నిన్నటిదాకా కనబడిన స్తంభం ఈరోజు దాని వెనక్కి వెళ్లిపోతే సిగ్నల్ కూడా పోతుంది.

మీవారి బూస్టర్ సంగతి అడిగారు. ఆయన ఆలోచనలో తప్పు లేదు, దూరంగా ఉన్నదాన్ని అందుకోవాలంటే బలం పెంచాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ వైఫై రేడియో పాటలా ఒకవైపు నుంచి వచ్చేది కాదు. ఇద్దరు మాట్లాడుకోవడం లాంటిది. మీకు వచ్చిన ప్రతి ముక్కకీ మీ పరికరం "అందింది" అని తిరిగి చెప్పాలి. ఆ జవాబు స్తంభానికి వినబడకపోతే, అది అదే ముక్కని మళ్లీ మళ్లీ పంపుతుంది. స్తంభం మీద పెట్టె గట్టిగా మాట్లాడుతుంది, మీ ఫోన్ చిన్న బ్యాటరీతో మెల్లగా మాట్లాడుతుంది. అందుకే గీతలు కనిపిస్తూ కూడా నెట్ నడవదు. మన గొంతు ఎంత పెంచినా చట్టం ఒక హద్దు పెట్టింది. అమెరికాలో 2.4 గిగాహెర్ట్జ్‌లో ట్రాన్స్‌మిటర్ బలం 1 వాట్ దాటకూడదు, యూరప్‌లో యాంటెన్నాతో కలిపి 100 మిల్లీవాట్లే. ఇక పది కిలోమీటర్లు అన్నది, రెండు వైపులా పెద్ద యాంటెన్నాలు ఎదురెదురుగా గురిపెట్టి, మధ్యలో ఏ అడ్డూ లేనప్పటి మాట. క్యాంప్‌గ్రౌండ్ స్తంభం మీద ఉన్నది మీవైపు గురిపెట్టినది కాదు. బలం కొనడం కంటే స్థానం మార్చడం మేలు అని నా గట్టి నమ్మకం. మంచి చోట పెట్టిన మామూలు రేడియో, చెడ్డ చోట పెట్టిన ఖరీదైన రేడియోని ఓడిస్తుంది. ఇంకో సంగతి, కొనేముందు పెట్టె మీద సరిగ్గా చదవండి. సెల్ బూస్టర్ అనేది వేరే వస్తువు. అది మొబైల్ టవర్ సిగ్నల్ కోసం, వైఫైని ముట్టుకోదు.

డబ్బు పెట్టకుండా అయ్యే పనులు కొన్ని ఉన్నాయి. సైటు బుక్ చేసేటప్పుడే "వైఫై పెట్టె కనబడే సైటు కావాలి, నాకు ఉద్యోగానికి అవసరం" అని అడగండి. ట్రైలర్‌ని నిలిపేటప్పుడు పెద్ద కిటికీ ఉన్న వైపు స్తంభానికి ఎదురుగా వచ్చేలా చూసుకోండి. మీటింగ్ టేబుల్ ఆ కిటికీ పక్కకి మార్చుకోండి. మీటింగ్ జరుగుతున్నంతసేపూ మైక్రోవేవ్ ఓవెన్ వెయ్యొద్దని ఇంట్లోవాళ్లకి చెప్పండి, అది తలుపు సందుల్లోంచి కారే కొద్దిపాటి శక్తే 2.4 బ్యాండుని పాడుచేస్తుంది. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కు గుచ్చి ఉంటే అదీ తీసేయండి. యూఎస్‌బీ 3 తీగల నుంచి వచ్చే రొద కూడా ఇదే బ్యాండులో పడుతుంది.

ఇవన్నీ చేసినా మైనస్ 67 అందకపోతే, అప్పుడు కొనండి. కొనాల్సింది ఆరుబయట పెట్టడానికి తయారుచేసిన వైఫై రేడియో. దుకాణాల్లో అవుట్‌డోర్ సీపీఈ అంటారు. అరచేతి రెండింతల ప్లాస్టిక్ పలకలా ఉంటుంది, ఎండావానలకి తట్టుకుంటుంది. రేడియో, యాంటెన్నా రెండూ ఆ పలకలోనే ఉంటాయి. లోపలికి ఒకే ఒక్క ఈథర్‌నెట్ తీగ (కంప్యూటర్‌ని, రౌటర్‌ని కలిపే మామూలు నెట్ తీగ) వస్తుంది. కరెంటు కూడా ఆ తీగలోంచే పైకి వెళ్తుంది.

ఈథర్‌నెట్ తీగ అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, చాలామంది రౌటర్ లోపల పెట్టి, యాంటెన్నా ఒక్కటే పైకప్పు మీద పెట్టి, మధ్యలో కేబుల్ టీవీ తీగ లాంటి సన్నటి కోయాక్సియల్ కేబుల్ లాగుతారు. ఆర్‌జీ 58 లాంటి సన్నటి కేబుల్ ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకి దాదాపు 1 డీబీ, అంటే ఇందాకటి డీబీఎం సంఖ్యలో 1, తినేస్తుంది. పది మీటర్లు లాగితే పది డీబీ, అంటే వచ్చిన సిగ్నల్‌లో పదో వంతు మాత్రమే మిగులుతుంది. ఎంత కష్టపడి పైకప్పెక్కించామో అంతా తీగలోనే పోతుంది. ఈథర్‌నెట్‌లో వెళ్లేది అంకెలుగా మారిపోయిన సమాచారం. 100 మీటర్ల దాకా దానికి ఏ నష్టమూ ఉండదు. బయట వాడే రకం క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 తీసుకోండి, ఇంట్లో వాడే తీగ ఎండకి పగిలిపోతుంది.

యాంటెన్నా రెండు రకాలు. ఒకటి చుట్టూ అన్ని దిక్కులా వినేది, ఓమ్నీ అంటారు. రెండోది ఒక దిక్కుకే చెవి పెట్టేది. ప్రతి రెండు రోజులకీ ఊరు మారేవాళ్లకి ఓమ్నీ సుఖం, తిప్పే పని ఉండదు. మీరు ఒక్కో చోట ఎన్నాళ్లు ఉంటారో రాయలేదు. వారం, రెండు వారాలు ఉండేటట్టయితే దిక్కు చూసి పెట్టే పలకే మీకు మంచిది. అది స్తంభం గొంతుని దగ్గరికి తెస్తుంది, వెనకనుంచి వచ్చే పక్క ఆర్‌వీల రొదని తగ్గిస్తుంది కూడా. ఓమ్నీల్లో పెద్ద డీబీఐ సంఖ్య (యాంటెన్నా బలాన్ని చెప్పే లెక్క) చూసి మోసపోకండి. సంఖ్య పెరిగేకొద్దీ అది వినే పరిధి అప్పడంలా పల్చబడుతుంది. మీరు పల్లంలో ఉండి స్తంభం గట్టు మీద ఉంటే, ఆ అప్పడం స్తంభం కిందనుంచి వెళ్లిపోతుంది.

పైకప్పుకి రంధ్రం మాత్రం మొదటి నెలలో చెయ్యకండి. ట్రైలర్ వెనక నిచ్చెన ఉంటే దానికి, లేకపోతే బంపర్ దగ్గర గట్టిగా నిలబడేచోట, రెండుమూడు మీటర్ల గొట్టం కట్టి పైన పలక బిగించండి. పైకప్పు మీద ఏసీ పెట్టె, సోలార్ పలకలు దాటి పైకి రావాలి, అదే ముఖ్యం. తీగని ఫ్రిజ్ వెంట్ దగ్గర నుంచో, కేబుల్ టీవీ కోసం ముందే ఉన్న మూతలోంచో లోపలికి తేవచ్చు. తర్వాత ఒకరు పలకని నెమ్మదిగా తిప్పుతుంటే, ఇంకొకరు రేడియో సెట్టింగ్స్ పేజీలో డీబీఎం సంఖ్య చూస్తూ చెప్పాలి. ఒక్కో కదలికకీ ఐదు సెకన్లు ఆగండి, సంఖ్య కుదురుకోవాలి. అన్నిటికంటే మంచి సంఖ్య ఒక్కోసారి స్తంభం వైపు కాకుండా, పక్కనున్న గోడకి తగిలి తిరిగొచ్చే దిక్కులో దొరుకుతుంది. కళ్లతో కాదు, సంఖ్యతో గురిపెట్టండి.

ఈ గొట్టం విషయంలో రెండు జాగ్రత్తలు, ఇవి మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఎత్తేముందు తల పైకెత్తి కరెంటు తీగలు ఉన్నాయేమో చూడండి. లోహపు గొట్టం తీగకి తగిలితే ప్రాణం పోతుంది. ఉరుములు వినబడగానే గొట్టం దించేయాలని అనుకుంటారు, కానీ ఉరుము వినబడ్డాక లోహపు గొట్టం పట్టుకోవడమే ప్రమాదం. వాతావరణ సూచనలో గాలివాన ఉందంటే ముందే దించి, లోపల తీగ ఊడదీసి పెట్టుకోండి.

కరెంటు దగ్గర కూడా ఒక తిరకాసు ఉంది. ఈ పలకల్లో కొన్ని 24 వోల్టులతో, కొన్ని 48 వోల్టులతో నడుస్తాయి. ఒకదాని అడాప్టర్ ఇంకోదానికి పెడితే పరికరం కాలిపోవచ్చు. డబ్బాతో వచ్చిన అడాప్టర్‌నే వాడండి. బ్యాటరీ మీద నేరుగా నడపాలనుకుంటే ఆ మోడల్‌కి ఎన్ని వోల్టులు కావాలో చూసి, దానికి తగిన కన్వర్టర్ తీసుకోండి.

సెట్టింగ్స్‌లో డబ్ల్యూఐఎస్‌పీ క్లయింట్ అనో, క్లయింట్ రౌటర్ అనో ఒక పద్ధతి ఉంటుంది. అది ఎంచుకుంటే పలక క్యాంప్‌గ్రౌండ్ వైఫైని పట్టుకుని, తీగలోంచి మీకు మీ సొంత నెట్‌వర్క్ ఇస్తుంది. సొంత రౌటర్ పెట్టుకోవడానికి క్యాంప్‌గ్రౌండ్ వాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి. ఎన్ని పరికరాలున్నా బయటికి మీరు ఒకే పరికరంలా కనిపిస్తారు కాబట్టి, కొన్ని చోట్ల దీనికి నిబంధన ఉంటుంది.

ఇక్కడ చాలామంది ఆగిపోయే చోట్లు రెండు. మొదటిది చిరునామా, అంటే నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఇచ్చే నంబరు. క్యాంప్‌గ్రౌండ్ రౌటరూ, మీ పలకా రెండూ 192.168.1 తో మొదలయ్యే చిరునామాలు వాడితే, ఏది లోపలో ఏది బయటో తెలియక ఏమీ నడవదు. మీ వైపు దాన్ని 192.168.50 లాగా మార్చేయండి, ఇక ఏ ఊరు వెళ్లినా తలనొప్పి ఉండదు. రెండోది లాగిన్ పేజీ. సైటు నంబరు, పాస్‌వర్డు అడిగే పేజీ రాకుండా తెల్లటి తెర వస్తుంటే, వీపీఎన్ (మీ సమాచారాన్ని ఎవరూ చదవకుండా రహస్యంగా మార్చి పంపే యాప్) ఆపండి, ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ పెట్టుకుని ఉంటే అదీ ఆపండి, తర్వాత చిరునామా https తో కాకుండా మామూలు http తో మొదలయ్యే పేజీ ఏదైనా తెరవండి. ఒక్క పరికరంలో లాగిన్ అయితే అందరికీ అయినట్టే. లాగిన్ అయ్యాక వీపీఎన్ మళ్లీ ఆన్ చేసుకోండి. పాస్‌వర్డు లేని వైఫైలో ఆఫీసు పని చేసేటప్పుడు అది ఉండాల్సిందే. నెట్‌వర్క్ పేరు కూడా ఆఫీసులో అడిగి సరిచూసుకోండి, అలాంటి పేరే పెట్టి ఎవరైనా ఉచ్చు పన్నొచ్చు.

ఇక సాయంత్రం రద్దీ. మీ కాగితం మీద స్తంభం కింద రాత్రి సంఖ్య కూడా చెడ్డగా ఉంటే, మీటింగుల కోసం క్యాంప్‌గ్రౌండ్ వైఫై మీద ఆధారపడకండి. మీ ఫోన్ కంపెనీ కాకుండా వేరే కంపెనీ సిమ్‌తో ఒక మొబైల్ రౌటర్ పెట్టుకోండి. ఒక టవర్ అందని చోట ఇంకొకటి అందొచ్చు. దాని యాంటెన్నా కూడా గోడ బయటే ఉండాలి, మీ అల్యూమినియం గోడ మొబైల్ టవర్ సిగ్నల్‌ని కూడా అలాగే ఆపుతుంది. ఉపగ్రహ ఇంటర్నెట్ కూడా మంచి దారే, కానీ దానికి తెరిచిన ఆకాశం కావాలి. చెట్ల నీడ చూసి సైటు ఎంచుకునేవాళ్లకి దానితో పేచీ వస్తుంది. అప్పుడు క్యాంప్‌గ్రౌండ్ వైఫైని ఉదయం పూట పనులకి వాడుకోండి. పాప క్లాసు వీడియోలు, ఫోన్ అప్‌డేట్లు, ఫోటోల బ్యాకప్ అన్నీ ఆరింటిలోపు దించేసుకుంటే పగలంతా భారం తగ్గుతుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఆ వైఫైకి మీటర్డ్ కనెక్షన్ అని పెడితే, మీటింగ్ మధ్యలో పెద్ద అప్‌డేట్లు దిగవు.

మీటింగ్‌కి కావాల్సింది మీరు అనుకునేంత ఎక్కువేం కాదు. గ్రూప్ వీడియోకి రెండు వైపులా 3 ఎంబీపీఎస్ చాలు. దానికన్నా నిలకడ ముఖ్యం. తడబడుతుంటే మొదట మీ కెమెరా ఆపేయండి. గొంతు ఒక్కటే అయితే 0.1 ఎంబీపీఎస్ సరిపోతుంది. ఫోన్ నంబరుకి డయల్ చేసి చేరే వీలు మీ ఆఫీసు మీటింగుల్లో ఉంటే, ఆ నంబరు రాసి టేబుల్ మీద పెట్టుకోండి. నెట్ మొత్తం పోయినా మీరు మీటింగ్‌లో ఉంటారు. మొదటి రోజుల్లో ఆ కాగితం ఎదురుగా ఉంటేనే సగం టెన్షన్ తగ్గుతుంది.

చివరికి మీ ఎక్స్‌టెండర్. దాని అడుగున ఈథర్‌నెట్ తీగ గుచ్చే రంధ్రం ఉందేమో చూడండి, చాలావాటికి ఉంటుంది. ఉంటే సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఎంచుకుని, పైనున్న పలక నుంచి వచ్చే తీగని అడాప్టర్ మీదుగా దానికి కలపండి. కరెంటు వెళ్లే తీగ పలకకే పోవాలి, ఎక్స్‌టెండర్‌కి మామూలు తీగే రావాలి, అడాప్టర్ మీద ఏ రంధ్రం దేనికో రాసి ఉంటుంది. ఇప్పుడది గోడ అవతలి గొంతు కోసం చెవి రిక్కించుకోనక్కర్లేదు, తీగలో వచ్చినదాన్ని గదిలో పంచితే చాలు. దానికి క్యాంప్‌గ్రౌండ్ పేరు కాకుండా వేరే పేరు, గట్టి పాస్‌వర్డు పెట్టండి. అందులో 5 గిగాహెర్ట్జ్ ఉంటే 2.4 ఆపేసి అదొక్కటే ఉంచండి. పైన పలక 2.4 లో స్తంభంతో మాట్లాడుతుంటే, లోపల మీరు 5 లో మాట్లాడుకుంటారు, ఒకరికొకరు అడ్డురారు. ఇన్నాళ్లూ మిమ్మల్ని ఏడిపించిన ఆ అల్యూమినియం గోడే ఇప్పుడు పక్కవాళ్ల రొదని బయటే ఆపుతుంది. కాబట్టి పరీక్షలో గోడే దోషి అని తేలితే మీరు కొనాల్సింది ఆ బయటి పలక, ఒక తీగ, ఒక గొట్టం. మూడు చోట్ల రెండు విడతలుగా కొలిచిన సంఖ్యలు, మీ సైటు నుంచి స్తంభం ఏ వైపు ఉందో చిన్న బొమ్మ గీసి పంపండి. పలక ఎక్కడ కడితే బాగుంటుందో మీటింగులు మొదలయ్యేలోపే రాస్తాను.